రోజువారీ ప్రార్థన, వాక్యం బెంగళూరు ఉద్యోగంలో నిలవాలంటే ఏం చేయాలి?

బ్రదర్ అడిగింది క్లుప్తంగా ఇది. ఉద్యోగం కోసం రాజమండ్రి నుంచి బెంగళూరు వచ్చారు. మారతహళ్ళి దగ్గర పీజీలో ముగ్గురు ఒకే గదిలో ఉంటున్నారు. ఇంట్లో ఉన్నప్పుడు పొద్దునా రాత్రీ కుటుంబ ప్రార్థన ఉండేది. ఇక్కడ ఏ పద్ధతి మొదలుపెట్టినా పది రోజులకు మించి సాగడం లేదు, ఆదివారం ఆరాధన కూడా ఒక్కోసారి నిద్రలోనే పోతోంది. అమ్మగారు ఫోన్‌లో అడిగితే "చేసుకుంటున్నా" అని అబద్ధం చెప్పాల్సి వస్తోంది. వీటితో పాటు ఆఫీసులో విశ్వాసిగా ఎలా ఉండాలి, అప్పులుండగా దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) ఎలా ఇవ్వాలి, ఆయుధ పూజ రోజున ఏం చేయాలి అని కూడా అడిగారు.

ముందు సూటిగా సమాధానం. రోజుకు 15 నిమిషాలు, ఒకే సమయం, ఒకే చోటు, ఒకే అధ్యాయం. వారానికి ఒక సంఘం, మీ అసలు సంగతి తెలిసిన ఒక మనిషి. మొదటి ఐదు వారాలు ఇంతకు మించి ఏమీ పెట్టుకోవద్దు. గంట ప్రార్థన, ఏడాదిలో బైబిలు పూర్తి, శుక్రవారం ఉపవాసం అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకున్నవాళ్ళే అందరికంటే ముందు ఆగిపోతారు. ఆ 15 నిమిషాల ఫలితం మిగతా రోజంతా కనబడాలి: టైమ్‌షీట్‌లో, డబ్బులో, కోపంలో. అందుకే ఆఫీసు గురించి కాస్త ఎక్కువే రాశాను.

మీ విశ్వాసం చల్లారిపోయిందేమో అని రాశారు. నాకలా అనిపించడం లేదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మీ భక్తిని ఇల్లు మోసింది. నాన్నగారు టీవీ కట్టేస్తే ప్రార్థన వేళ అయిందని అర్థం. అమ్మగారు పాట ఎత్తుకుంటే అందరూ వచ్చి చాప మీద కూర్చునేవారు. ఆదివారం గుడి గంట వినబడేది, వీధిలో వాళ్ళు బైబిలు చేతబట్టుకుని నడిచేవారు. మీరు ప్రత్యేకంగా ఏ నిర్ణయమూ తీసుకోకుండానే రోజుకు రెండుసార్లు దేవుని ఎదుట కూర్చునేవారు. పీజీకి వచ్చిన రోజునే ఆ ఏర్పాట్లన్నీ పోయాయి, వాటి చోట ఇంకేమీ రాలేదు. ఇప్పుడు కావలసింది కొత్త ఏర్పాటు. మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ మొదలుపెట్టే ప్రార్థన వారం నిలవదు, ఎందుకంటే ఒక్క రోజు తప్పగానే ఆ తిట్లు రెట్టింపవుతాయి.

ఎంత చదవాలి

ఎక్కువమంది తప్పే చోటు ఇదే. బైబిలులో 1189 అధ్యాయాలు ఉన్నాయి. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు, కొన్ని రోజులు నాలుగు చదవాలి. జనవరి 1న ఆదికాండముతో మొదలుపెడితే అబ్రాహాము, యాకోబు, యోసేపు కథలతో బండి సాఫీగా సాగుతుంది. జనవరి నాలుగో వారానికి నిర్గమకాండము 25వ అధ్యాయం వస్తుంది. అక్కడ నుంచి ప్రత్యక్ష గుడారపు (ఇశ్రాయేలీయులు దేవుని ఆరాధనకు వేసిన గుడారం) పలకలు, తెరలు, దిమ్మల కొలతలు. నెలాఖరుకు లేవీయకాండము. సరిగ్గా అప్పుడే ఆఫీసులో రిలీజ్ వచ్చి రెండు రోజులు తప్పితే ఆరేడు అధ్యాయాలు బాకీ పడతాయి. యాప్ ఆ బాకీని రోజూ ఎత్తి చూపిస్తుంది. తీర్చలేక మొత్తానికే మూసేస్తారు. లేవీయకాండము చదవాల్సిందే, కాకపోతే హెబ్రీయులకు రాసిన పత్రిక చదివాక అక్కడికి వెళ్తే బలులూ యాజకత్వమూ ఎందుకో అర్థమవుతుంది.

ఉద్యోగస్తులకు కుదిరే లెక్క వేరే ఉంది. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకటి చొప్పున చదివితే 52 వారాలకు సరిగ్గా 260. శనివారం తప్పినవాటికి వదిలేయండి. ఆదివారం సంఘంలో వినండి.

మొదటి ఐదు వారాలకు ఈ వరస తీసుకోండి: మార్కు 16 అధ్యాయాలు, ఫిలిప్పీయులకు 4, యాకోబు 5. మొత్తం 25. మార్కు నాలుగు సువార్తల్లో చిన్నది, సంఘటనలు చకచకా నడుస్తాయి. మొదటి అధ్యాయం 35వ వచనంలోనే యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించడం కనిపిస్తుంది. అంతకు ముందు రాత్రి ఆయన తలుపు దగ్గర పట్టణమంతా కూడింది, అంటే ఆయనకూ తీరిక దొరకలేదు. ఫిలిప్పీయులకు పత్రికను పౌలు బంధకాల్లో ఉండి రాశాడు. ఒంటరిగా పరాయి ఊళ్ళో ఉన్నవాళ్ళకు అది బాగా పట్టుకుంటుంది. యాకోబు నాలుక గురించి, పక్షపాతం గురించి, కూలి ఎగ్గొట్టడం గురించి మొహమాటం లేకుండా మాట్లాడతాడు కాబట్టి ఆఫీసు జీవితానికి నేరుగా తగులుతుంది.

మన పాత తెలుగు బైబిలు భాష గ్రాంథికం, వాక్యాలు పొడుగు. కళ్ళతో చదివితే సగంలో ఆలోచన ఎటో పోతుంది. పెదవులు కదిపి, గొంతు తగ్గించి చదవండి, అర్థం దానంతటదే విడివడుతుంది. అప్పటికీ తెలియని వచనాన్ని మాత్రం వాడుక తెలుగు అనువాదంలో చూడండి. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు తడబడుతుంటే ఇంగ్లీషులోనే చదవండి, అందులో తప్పేమీ లేదు. ప్రార్థన మాత్రం అమ్మతో మాట్లాడే భాషలో చేయండి. అచ్చు బైబిలు వేరుగా కొనుక్కోమనే నా సలహా, ఎందుకంటే ఫోన్‌లో చదువుతుండగా ఆఫీసు మెసేజ్ ఒకటి పైన మెరిస్తే ఆ రోజు అధ్యాయం అక్కడితో సరి. తెలుగు బైబిలును ప్రచురించే బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా కేంద్ర కార్యాలయం ఎంజీ రోడ్డులోనే ఉంది. ఫోన్ తప్పదంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ముందే దించుకున్న బైబిలు తెరవండి.

ఆ 15 నిమిషాల్లో ఏం చేయాలి

రెండు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఏడు నిమిషాలు చదవండి, ఒక అధ్యాయానికి సాధారణంగా అది సరిపోతుంది. ఒక నిమిషంలో, మనసుకు తగిలిన ఒక్క వచనాన్ని చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. మిగిలిన ఐదు నిమిషాలు ప్రార్థన.

ప్రార్థనలో మాటలు దొరకడం లేదని చాలామంది అంటారు. ప్రభువు నేర్పిన ప్రార్థనను, అంటే మత్తయి 6:9 నుంచి 13 వరకు, తు.చ. తప్పకుండా వల్లించి వదిలేయకుండా ఒక్కో మాట దగ్గర ఆగండి. "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" దగ్గర ఆయన ఎవరో తలచుకుని స్తుతించండి. "నీ చిత్తము నెరవేరు గాక" దగ్గర ఈ రోజు మీరు భయపడుతున్న పనిని, ఆ రివ్యూనో ఆ మేనేజర్‌తో మాటనో, పేరు పెట్టి చెప్పండి. "మా అనుదినాహారము" దగ్గర మీ అవసరాలతో పాటు నాన్నగారి ఆరోగ్యం, చెల్లి ఫీజు చెప్పండి. "మా ఋణములు క్షమించుము" దగ్గర నిన్నటి తప్పు ఒప్పుకోండి, మీకు తప్పు చేసినవాణ్ణి పేరుతో వదిలిపెట్టండి. "శోధనలోకి తేక" దగ్గర రాత్రి పదకొండు తర్వాత ఫోన్‌లో మీరు ఎటు జారిపోతారో నిజాయితీగా చెప్పండి. ఐదు నిమిషాలు చాలవు, చూడండి.

ఇతరుల కోసం చేసే విజ్ఞాపనకు రోజుకు ఒక వరస పెట్టుకోండి: సోమవారం కుటుంబం, మంగళవారం ఆఫీసు, బుధవారం పీజీలో ఉన్నవాళ్ళు, గురువారం సంఘం, శుక్రవారం జబ్బుపడ్డవాళ్ళు. రోజుకు ఐదు పేర్లకు మించవద్దు. "అందరినీ దీవించు ప్రభువా" అనే ప్రార్థనలో మనసు నిలవదు, పేరు పలికితే నిలుస్తుంది.

ఎక్కడ, ఎప్పుడు

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమని మత్తయి 6:6 చెబుతుంది. ముగ్గురున్న గదిలో తలుపు మీ చేతిలో లేదు, వేళ మాత్రం మీ చేతిలో ఉంది. పీజీల్లో పనికొచ్చే చోట్లు మూడు. ఒకటి, మేడ మీద వాటర్ ట్యాంకుల పక్కన. వానాకాలంలో తప్ప పొద్దున ఆరున్నరకు అక్కడ ఎవరూ ఉండరు. రెండు, టిఫిన్ పెట్టకముందు కింద డైనింగ్ హాలు. మూడు, ఆఫీసుకు అరగంట ముందే వెళ్ళి ఖాళీ మీటింగ్ గదిలో కూర్చోవడం. ట్రాఫిక్ పెరగకముందే బయలుదేరుతారు కాబట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయే సమయం కూడా మిగులుతుంది. కంపెనీ క్యాబ్‌ను, బస్సును మాత్రం ముఖ్య స్థలంగా పెట్టుకోవద్దు. కుదుపుల్లో చదివితే తల తిరుగుతుంది, చల్లగాలి తగిలితే నిద్ర వస్తుంది, ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే ప్రార్థన కూడా పోతుంది.

మంచం మీద మాత్రం వద్దు. పడుకుని మొదలుపెట్టిన ప్రార్థన అలారం స్నూజ్‌తోనే ముగుస్తుంది. ఫోన్ ఛార్జర్‌ను మంచానికి అందనంత దూరంలో ప్లగ్ చేయండి. లేచి ఆపక తప్పదు. పళ్ళు తోముకున్నాక, వాట్సాప్ తెరవకముందు, ఈ క్రమం స్థిరపడితే సగం పని అయినట్టే. అమెరికా షిఫ్టులో ఉండి తెల్లవారుజామున నాలుగింటికి పడుకునేవాళ్ళకు ఉదయం అంటే నిద్ర లేచిన వేళ, అది పదకొండైనా సరే. ఐదింటికి లేవలేకపోతున్నానని బాధపడేవాళ్ళలో సగం మంది ఆ షిఫ్టులవాళ్ళే.

రెండు ప్రత్యామ్నాయాలు మోసం చేస్తాయి, వాటి గురించి జాగ్రత్త. యూట్యూబ్‌లో వర్తమానాలు వినడం మంచిదే, కానీ అది వేరొకరు చదివి ధ్యానించినది. మీ చదువుకు బదులు కాదు. వాట్సాప్‌లో రోజూ వాక్యం ఫార్వర్డ్ చేసేవాళ్ళు చాలామంది ఆ వచనానికి ముందూ వెనకా ఏముందో చదివి ఉండరు. ఇంకొక చిక్కు ఆల్ నైట్ ప్రార్థనలది. శుక్రవారం రాత్రంతా మేలుకుని శనివారం అంతా నిద్రపోయి, ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వెళ్ళి, సోమవారం నుంచి ఏమీ లేకపోవడం నిలకడ కాదు.

పగలు మూడుసార్లు అర నిమిషం చొప్పున ఆగండి. దానియేలు రోజుకు ముమ్మారు మోకాళ్ళూనాడని దానియేలు 6:10లో ఉంది, పరాయి దేశంలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ. మీకు ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు, భోజనం ముందు, సీటు నుంచి లేచేటప్పుడు. జేబులోని కాగితం అప్పుడు తీసి చూసుకోండి. సిల్క్ బోర్డు జంక్షన్ వైపు బండ్లు కదలకుండా నిలిచిపోయినప్పుడు కీర్తన ఒకటి కంఠతా పట్టండి. 23వ కీర్తనలో ఆరే వచనాలు, ఆరు రోజుల పని. తర్వాత 121, అందులో ఎనిమిది. సండే స్కూల్లో బంగారు వాక్యాలు నేర్చుకున్న నోటికి ఇది కొత్త కాదు.

ఆఫీసులో

"మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అని కొలొస్సయులకు 3:23లో పౌలు రాసింది దాసులకు. వాళ్ళకు రాజీనామా చేసే దారి కూడా లేదు. మనవాళ్ళు ఈ మాటను క్యాలెండర్ మీద చూసి వదిలేస్తారు గానీ ఇది చాలా ఖచ్చితమైన మాట. ఆరు గంటలు పని చేసి టైమ్‌షీట్‌లో తొమ్మిది వేయకూడదు. ఊరికి వెళ్ళడానికి జ్వరమని సిక్ లీవ్ పెట్టకూడదు. తోటివాడు రాసిన కోడ్‌ను అప్రైజల్‌లో నాదని చూపకూడదు.

ఇంకా కష్టమైనది చెప్పాలి, ఎందుకంటే మన తెలుగు యువత మధ్య ఇది మామూలైపోయింది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి తెచ్చుకున్న ఉద్యోగానికి సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పడం, కృతజ్ఞత కానుక ఇవ్వడం దేవునికి ఘనత కాదు. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 అంటుంది. ఇంటర్వ్యూలో వేరేవాడు మాట్లాడడం, లేని కంపెనీ రిలీవింగ్ లెటర్, కన్సల్టెన్సీకి డబ్బు కట్టి రెండేళ్ళ అనుభవం కొనుక్కోవడం, అన్నీ ఆ త్రాసే. ఇంకా చేయనివాళ్ళు చేయకండి. ఫ్రెషర్‌గానో ఇంటర్న్‌గానో తక్కువ జీతానికి చేరితే ఆర్నెల్లు ఏడాది ఆలస్యమవుతుంది, కానీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మెయిల్ వచ్చిన ప్రతిసారీ గుండె జారదు. ఇప్పటికే చేసినవాళ్ళు ఒంటరిగా కుమిలిపోవద్దు, తొందరపడి ఏదో చేసేయవద్దు. నోరు భద్రంగా ఉంచుకునే పాస్టర్ గారితోనో పెద్దవారితోనో విషయం పూర్తిగా చెప్పండి, తర్వాతి ఉద్యోగానికి నిజమైన వివరాలతోనే వెళ్తానని నిర్ణయించుకోండి, ఆ ఉద్యోగం పోవచ్చన్న సంగతి కూడా లెక్కలో పెట్టుకుని ఖర్చులు తగ్గించండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య కథలో పశ్చాత్తాపం, అన్యాయంగా తీసుకున్నదాన్ని నాలుగింతలు తిరిగి ఇవ్వడం దాకా వెళ్ళింది (లూకా 19:8).

పన్ను తగ్గించుకోవడానికి పెట్టే దొంగ అద్దె రసీదులదీ ఇదే దారి. కట్టిన అద్దె మాత్రమే చూపండి. ఏడాదికి లక్ష రూపాయలు దాటితే ఓనర్ పాన్ నంబరు ఇవ్వాలి, వేరేవాళ్ళ పాన్ వేయడం మోసం. ఇప్పటికే తప్పుగా చూపి ఉంటే సవరించిన రిటర్న్ వేసే వీలు ఎంతవరకు ఉందో ఆడిటర్‌ని అడిగి మిగిలిన పన్ను కట్టేయండి.

మీకంటే కింద ఉన్నవాళ్ళతో నడిచే తీరు గురించి బైబిలు మాటిమాటికీ మాట్లాడుతుంది. కూలివాని కూలి మరునాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13, ఆ రోజు సూర్యుడు అస్తమించకముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండము 24:15. రేపు ఫ్లాట్ తీసుకుని పనమ్మాయిని పెట్టుకుంటే ఆమె జీతం ఒప్పుకున్న తారీఖున ఇవ్వండి. మీరు ఊరెళ్ళిన నాలుగు రోజులకు కోయవద్దు. పీజీలో వంట చేసే అతని పేరు తెలుసుకోండి. వానలో వచ్చిన డెలివరీ అబ్బాయిని నాలుగో అంతస్తు దాకా ఎక్కించకుండా మీరే కిందికి దిగండి.

కోపం విషయంలో ఎఫెసీయులకు 4:26 గడువు కూడా పెట్టింది: "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు." చాట్‌లో ఎవరైనా అందరి ముందూ తప్పు మీ మీదకు తోస్తే జవాబు టైప్ చేయండి, పంపకండి, ఇరవై నిమిషాలు ఆగి నేరుగా ఆ మనిషితో మాట్లాడండి. మీరు నోరు జారితే లాగవుట్ అయ్యేలోపు క్షమాపణ అడగండి. గ్రూపులో తిట్టి ఉంటే గ్రూపులోనే అడగాలి. మీ పీజీ గదిలో, టీమ్‌లో ఉన్నవాళ్ళు మీ బైబిలు ఎప్పుడూ తెరవకపోవచ్చు, ఈ క్షమాపణ మాత్రం గమనిస్తారు.

రాత్రి పడుకునేముందు మూడు ప్రశ్నలు: ఈ రోజు దేని కోసం కృతజ్ఞత చెప్పాలి? ఎవరిని నొప్పించాను? రేపు ఏం సరిదిద్దాలి? మూడు నిమిషాలు చాలు. ఇది మంచం మీద చేసుకున్నా పరవాలేదు.

సంఘం

ఊళ్ళో మీది లూథరన్ కావచ్చు, బాప్టిస్టు కావచ్చు, బ్రదరెన్, సీఎస్ఐ, పెంతెకోస్తు ఏదైనా కావచ్చు. అచ్చం అదే ఆరాధన క్రమం, అవే పాటలు బెంగళూరులో మీ ఇంటి పక్కనే దొరకాలని ఎదురుచూస్తూ ఏళ్ళు గడపకండి. నాలుగు ఆదివారాలు నాలుగు చోట్ల చూడండి, ఐదో ఆదివారం నుంచి ఒకటే. ప్రతి వారం కొత్త పాటలూ కొత్త ప్రసంగీకుణ్ణీ వెతుక్కుంటూ తిరిగితే మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎక్కడా ఉండరు, మీరు రాకపోయినా ఎవరికీ తెలియదు.

ఎంచుకోవడానికి నేను చూసే గుర్తులు: మీ గది నుంచి 45 నిమిషాల లోపు చేరగలగాలి, అంతకు మించితే మూడో నెలకు మానేస్తారు. ప్రసంగం ఒక వాక్యభాగాన్ని విప్పి చెప్పాలి. కానుకల లెక్క ఏడాదికోసారైనా సంఘం ముందు పెట్టాలి. పాస్టర్ గారిని ప్రశ్నించగల పెద్దలు ఉండాలి. "ఇంత విత్తితే ఇంత వస్తుంది" అని డబ్బు అడిగే చోట కూర్చోవద్దు, ఎంత పెద్ద పేరున్నా. తెలుగు ఆరాధనలు చాలా చోట్ల అద్దె హాళ్ళలో, వేరే సంఘం మందిరంలో మధ్యాహ్నమో సాయంత్రమో జరుగుతాయి కాబట్టి ఉదయం నిద్ర సాకు కూడా మిగలదు. కతోలిక కుటుంబం నుంచి వచ్చినవారికి ఇంకో సౌకర్యం ఉంది: ఆఫీసు దారిలో రోజూ పూజ జరిగే గుడి ఒకటి చూసుకుంటే వారంలో ఒకటి రెండు రోజులు వెళ్ళవచ్చు.

చేరిన నెలలోపు ఒక పని అడిగి తీసుకోండి, కుర్చీలు వేయడమైనా సరే. పని ఉన్నవాడు ఆదివారం లేస్తాడు.

మీ సంగతి తెలిసిన ఒక మనిషి అన్నాను కదా. మీకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, మగవాళ్ళకు మగవాడు, ఆడవాళ్ళకు ఆడమనిషి, అయితే మంచిది. వారానికి ఒక ఫోన్, పది నిమిషాలు: ఎన్ని రోజులు చదివావు, ఎక్కడ పడిపోయావు, నేను దేనికోసం ప్రార్థించాలి. సున్నా రోజులైతే సున్నా అని చెప్పాలి. అదే నిజం అమ్మగారికీ చెప్పండి. "సరిగ్గా సాగడం లేదమ్మా, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి స్పీకర్ పెట్టి మనం కలిసి ప్రార్థన చేసుకుందాం" అనండి. ఒక పాట, ఒక కీర్తన, ఇద్దరు ప్రార్థించడం, పావుగంట. ఆవిడ బాధపడరు, ఎదురుచూస్తారు.

డబ్బు

దశమభాగం అబ్రాహాము దగ్గర (ఆదికాండము 14:20), మలాకీ 3:10లో కనిపిస్తుంది. కొత్త నిబంధన ఒక శాతాన్ని గీత గీసి చెప్పలేదు. ప్రతి ఆదివారం తన వరుమానం కొలదీ విడిగా తీసిపెట్టమంది (1 కొరింథీయులకు 16:2), సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమంది (2 కొరింథీయులకు 9:7). కాబట్టి పదో వంతు మంచి కొలత. చదువు లోన్, ఇంటి అప్పు ఉన్నవాళ్ళు అక్కడికి మెల్లగా చేరవచ్చు. ఉదాహరణకు చేతికి 48,000 వస్తూ లోన్‌కు 14,000, పీజీకి 9,000, ఇంటికి 10,000 పోతుంటే 15,000 మిగులుతుంది. మొదట 1,500 పెట్టుకోండి, అంటే మూడు శాతం పైచిలుకు. జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పంపండి. నెలాఖరుకు మిగిలింది ఇద్దామనుకుంటే ఏమీ మిగలదు. జీతం పెరిగిన ప్రతిసారీ ఒక శాతం పెంచండి, లోన్ తీరిన నెల నుంచి పది చేయండి. క్రెడిట్ కార్డు మీద, అప్పు తెచ్చి కానుక ఇవ్వకండి. అమ్మానాన్నలకు పంపాల్సింది ఆపి సంఘానికి ఇవ్వడం కూడా సరికాదు, మత్తయి 15:5, 6లో యేసు దాన్నే గద్దించాడు. ఎక్కువ భాగం మీరు వెళ్ళే సంఘానికి, కొంత నేరుగా ఒక పేద విద్యార్థి ఫీజుకో జబ్బుపడినవారికో వెళ్తే మంచిది.

ఉపవాసం ఆరో వారం నుంచి ఆలోచించండి. వారంలో ఒక మధ్యాహ్న భోజనం మాని ఆ అరగంట ప్రార్థన చేయండి, నీళ్ళు తాగండి, సాయంత్రం మజ్జిగతోనో అరటిపండుతోనో తేలిగ్గా విరమించండి. షుగర్ మందులు వాడేవాళ్ళు, అల్సర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు.

కొన్ని వారాలు ఏమీ అనిపించకపోవచ్చు. చదువుతారు, గుర్తుండదు; ప్రార్థిస్తారు, గోడతో మాట్లాడినట్టుంటుంది. అప్పుడు పరిమాణం పెంచకండి, మానేయకండి. మీ మాటలు రాకపోతే కీర్తనల మాటలు వాడుకోండి. 13, 42, 88 అలాంటి రోజుల కోసమే ఉన్నాయి. అయితే రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి దెబ్బతిని, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాక, బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే అది విశ్వాసపు బలహీనత అనుకుని దాచుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. ప్రార్థన చేయించుకోండి, డాక్టర్ దగ్గరికీ వెళ్ళండి.

చివరగా ఆయుధ పూజ. బెంగళూరు ఆఫీసుల్లో దసరా సెలవుకు ముందు సిస్టమ్‌లకు పూలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మరమరాలు, స్వీట్లు పంచుతారు. ఆ రోజు సిక్ లీవ్ పెట్టి పారిపోనక్కర్లేదు, ఎవరి నమ్మకాన్నీ చిన్నచూపు చూస్తూ మాట్లాడనూ కూడదు. అలంకరణకు బల్లలు జరపడం, కింద ఊడవడం, ఫోటో తీయడం తోటివారికి చేసే సాయం. హారతి ఇవ్వమన్నా బొట్టు పెట్టుకోమన్నా "నేను క్రైస్తవుణ్ణి అండీ, మీరు కానివ్వండి" అని నవ్వుతూ చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. ముందు రోజే టీమ్ లీడ్‌కు ఒక్క మాట చెప్పి ఉంచితే అందరి ముందూ ఇబ్బంది రాదు. తినే విషయంలో 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు చదివి ముందే నిర్ణయించుకోండి. అంగడిలో అమ్మేది అడగకుండా తినమన్న పౌలు, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. పూజలో పెట్టినదని తెలిసినప్పుడు సున్నితంగా వద్దనడమే నేను చెప్పే సలహా. మీ టీమ్‌లో ఇంకో విశ్వాసి తింటే మాత్రం తీర్పు తీర్చకండి, రోమీయులకు 14 దాని గురించే. ఇంకొకటి, ఆ సెలవుల్లో ఆన్‌కాల్ డ్యూటీ మీరు తీసుకుంటానని లీడ్‌కు ముందే రాసి పంపండి, బదులుగా డిసెంబర్ 24, 25 తేదీలు అడగండి. సెప్టెంబర్‌లో రోస్టర్ వేసేటప్పుడే అడిగితే దొరుకుతాయి, డిసెంబర్‌లో అడిగితే దొరకవు.